చైన్‌సా, పవర్ టూల్స్: బ్రాండ్ పేరు వెనక ఏముంది?

స్టిల్ కంపెనీ చైన్‌సాలు రెండింటిని పక్కపక్కన పెట్టి చూద్దాం. ఒకటి ఎంఎస్ 261, రెండోది ఎంఎస్ 271. రెండింటి ఇంజనూ 50.2 సీసీయే. రంగు ఒకటే, పేరు ఒకటే, దూరం నుంచి చూస్తే ఏది ఏదో పోల్చుకోలేం. నంబర్ పెద్దది కాబట్టి 271 ఇంకా మంచిదై ఉంటుందని ఎవరికైనా అనిపిస్తుంది. కానీ 261 శక్తి 3 కిలోవాట్లు. బార్ (చైన్ తిరిగే పొడవాటి రేకు), చైన్, పెట్రోల్ లేకుండా బరువు 4.9 కిలోలు. 271 శక్తి 2.6 కిలోవాట్లు, బరువు 5.6 కిలోలు. అంటే చిన్న నంబర్ ఉన్నదే తేలిక, బలమూ దానిదే ఎక్కువ. ఖరీదు కూడా దానిదే ఎక్కువ.

"ఏ బ్రాండ్ తీసుకోమంటారు?" అని అడిగిన వాళ్ళకు నేను ముందుగా చెప్పేది ఈ రెండు మెషిన్ల సంగతే. ఒకే పేరు కింద ఇంత తేడా ఉన్నప్పుడు, ఒక కంపెనీ మంచిదా ఇంకో కంపెనీ మంచిదా అన్న ప్రశ్నకు సూటి జవాబు ఉండదు. బ్రాండ్ అన్న మాటలో నాలుగైదు వేర్వేరు విషయాలు కలిసిపోయి ఉన్నాయి: మెషిన్ ఏ తరగతిది, దాన్ని నిజంగా ఎవరు తయారు చేస్తున్నారు, పార్టులు ఎన్నాళ్ళు దొరుకుతాయి, బ్యాటరీ దేనికి సరిపోతుంది. వీటిని విడదీసి చూస్తే చాలా వరకు టెన్షన్ పోతుంది.

ఒకే పేరు, మూడు తరగతులు

పెద్ద కంపెనీలన్నీ చైన్‌సాలను దాదాపు మూడు తరగతులుగా చేస్తాయి. ఇంట్లో అప్పుడప్పుడు కొమ్మలు కొట్టుకునేవాళ్ళకు ఒకటి, తోటలు పొలాలు ఉన్నవాళ్ళకు ఒకటి, రోజంతా చెట్లు కొట్టే వృత్తి పనివాళ్ళకు ఒకటి. ఇంకో పెద్ద చైన్‌సా కంపెనీ హస్క్‌వర్నాలో మోడల్ నంబర్ పక్కన ఎక్స్‌పీ అని ఉంటే అది వృత్తి పనివాళ్ళ మెషిన్, రాంచర్ అని ఉంటే మధ్య తరగతిది. బాష్ పవర్ టూల్స్‌లో ఇది రంగులోనే కనిపిస్తుంది: ఆకుపచ్చ ఇంటి వాడకానికి, నీలం వృత్తి పనికి.

అసలు తేడా లోపల, క్రాంక్‌కేస్ దగ్గర, అంటే ఇంజన్ కింది భాగాన్ని మూసి ఉంచే గుల్ల దగ్గర ఉంటుంది. వృత్తి పని మెషిన్‌లో అది మెగ్నీషియం లోహంతో, నిలువుగా రెండు సగాలుగా చేసి కలిపి ఉంటుంది. సిలిండర్ దాని మీద విడిగా బోల్టులతో కూర్చుంటుంది. పిస్టన్ దెబ్బతింటే సిలిండర్ ఒక్కటీ విప్పి, రెండూ మార్చి, మళ్ళీ బిగించవచ్చు. చిన్న మెషిన్లలో ఇంజన్ మొత్తం ఒక ముద్దలా ఉండి ప్లాస్టిక్ ఒంట్లో కూర్చుంటుంది. పిస్టన్ చూడాలన్నా ఇంజన్ మొత్తం బయటికి తీయాల్సిందే. అందుకే వాటికి పెద్ద రిపేరు వస్తే, కూలీ పార్టులు కలిపి కొత్త మెషిన్ ధర దగ్గరికి వెళ్ళిపోతుంది. చాలామంది అక్కడితో దాన్ని మూలన పడేస్తారు.

చిన్నవి చెడ్డవని నా ఉద్దేశం కాదు. నెలకు రెండు మూడు గంటలు నడిపే వాళ్ళకు అవి ఏళ్ళ తరబడి వస్తాయి. వాళ్ళు వృత్తి మెషిన్ కొంటే డబ్బు దండగ, పైగా అంత బలమైన మెషిన్ అలవాటు లేని చేతిలో ప్రమాదం. కష్టమంతా చిన్న మెషిన్‌తో పెద్ద పని చేయించినప్పుడే వస్తుంది. అప్పుడు చెడేది మెషిన్, మాట పడేది బ్రాండ్.

తరగతి తేడా చేతికి కూడా తెలుస్తుంది. మంచి మెషిన్‌లో హ్యాండిల్‌కూ ఇంజన్‌కూ మధ్య స్ప్రింగులు గానీ రబ్బరు దిమ్మెలు గానీ పెట్టి అదురు తగ్గిస్తారు. ఈ అదురును సెకను స్క్వేర్‌కు ఇన్ని మీటర్లని (m/s²) కొలిచి మాన్యువల్‌లో వేస్తారు. ఐరోపా నియమాల ప్రకారం 8 గంటల పని మీద లెక్కగట్టిన అదురు 2.5 దాటితే యజమాని దాన్ని తగ్గించే చర్యలు మొదలుపెట్టాలి, 5 దాటనివ్వకూడదు. ఏళ్ళ తరబడి అదురు పడితే వేళ్ళకు రక్తం సరిగా అందక తెల్లబడిపోతాయి, తిమ్మిరెక్కుతాయి. ముదిరితే అది నయం కాదు. రోజూ మెషిన్ పట్టుకునేవాళ్ళు సీసీ కంటే ముందు ఈ అంకె చూడాలని నేను గట్టిగా చెబుతాను.

పేర్లు ఎక్కువ, ఇళ్ళు తక్కువ

ఇంకోవైపు నుంచి చూస్తే, పోటీ పడుతున్నట్టు కనిపించే పేర్లు చాలావరకు ఒకే ఇంటివి. డివాల్ట్‌ను బ్లాక్ అండ్ డెక్కర్ 1960లో కొన్నది. 1992లో దాన్ని పసుపు రంగు వృత్తి పనిముట్ల బ్రాండ్‌గా మళ్ళీ నిలబెట్టింది. 2010లో స్టాన్లీతో కలిసి స్టాన్లీ బ్లాక్ అండ్ డెక్కర్ అయింది. మిల్వాకీ పేరు అమెరికాది, కానీ 2005 నుంచి దాని యజమాని హాంకాంగ్‌కు చెందిన టీటీఐ. రియోబి పేరుతో వచ్చే పవర్ టూల్స్ కూడా ఆ ఇంటివే. హిటాచి పవర్ టూల్స్ 2018లో హైకోకి అయ్యాయి, ఉత్తర అమెరికాలో అవే మెటాబో హెచ్‌పీటీ పేరుతో అమ్ముతారు. జర్మనీ చైన్‌సా కంపెనీ డోల్మార్‌ను మకిటా 1991లో కొన్నది, ఆ మకిటాయే 2022లో పెట్రోల్ ఇంజన్ల తయారీ పూర్తిగా ఆపేసి బ్యాటరీ వైపు వెళ్ళిపోయింది.

ఇందులో తప్పేమీ లేదు. ఒకే కంపెనీ రెండు పేర్లతో రెండు రకాల కొనుగోలుదార్ల కోసం వేర్వేరుగానే చేస్తుంది. మిల్వాకీలో ఉన్న మోటారే రియోబిలోనూ ఉంటుందని చెప్పేవాళ్ళ మాట నమ్మక్కర్లేదు. గుర్తుంచుకోవలసింది ఒక్కటే: యజమాని మారితే మోడళ్ళు మారతాయి, కొన్ని ఆగిపోతాయి. ఆగిపోయిన మోడల్‌కు పార్టులు ఎవరు ఇస్తారన్నది కొనేముందే అడగాలి.

దీనికి పూర్తిగా తలకిందులుగా ఉండేది చవక చైన్‌సాల లోకం. 45, 52, 58 సీసీ అని రాసి, రోజుకో కొత్త పేరుతో వచ్చే మెషిన్లు దాదాపు అన్నీ ఒకే పాత డిజైన్ నుంచి వచ్చినవి. స్టిక్కరూ ప్లాస్టిక్ రంగూ మారతాయి, లోపలి కార్బొరేటర్, కాయిల్, క్లచ్ ఒకదానిది ఇంకోదానికి సరిపోతాయి. నిజానికి వీటికున్న పెద్ద లాభం ఇదే. పార్టులు చవక, ఎక్కడైనా దొరుకుతాయి, విప్పడం ఏ మెకానిక్‌కైనా తెలుసు. నష్టం, నాణ్యత పెట్టెకూ పెట్టెకూ మారిపోవడం. అంకెలు కూడా ఉన్నదానికంటే పెంచి రాస్తారు. పెట్టె మీద 58 సీసీ అని ఉండి, లోపలి కాగితంలో బోర్ (సిలిండర్ వెడల్పు) 45 మిల్లీమీటర్లు, స్ట్రోక్ (పిస్టన్ కదిలే దూరం) 34 అని ఉంటే మీరే లెక్క వేయండి. బోర్‌లో సగాన్ని దానితోనే గుణించి, 3.14తో, ఆపైన స్ట్రోక్‌తో గుణించి, వెయ్యితో భాగిస్తే వచ్చేది 54 సీసీ. ఈ మెషిన్లలో నేను ముందు చూసేది చైన్ బ్రేక్. ఇంజన్ ఆపి, బ్రేక్ వేసి చైన్‌ను చేత్తో లాగి చూడండి, గ్లవుజు వేసుకొని. కదిలిందంటే ఆ మెషిన్ ఎంత చవకైనా వద్దు. బార్ కొస పైభాగం దుంగకు తగిలితే రంపం మనిషి ముఖం మీదికి ఎగిరి వస్తుంది. ఆ క్షణంలో కాపాడేది ఆ బ్రేకే.

కోసేది చైన్, ఇంజన్ తిప్పుతుందంతే

ఇక్కడ కాస్త ఆగుదాం. ఎందుకంటే బ్రాండ్ వాదనల్లో ఎవరూ పట్టించుకోని విషయం ఇదే.

ఇప్పుడు మనం వాడే చైన్ పన్ను ఆకారం 1946లో మొదలైంది. అమెరికాలోని ఒరెగాన్ రాష్ట్రంలో జో కాక్స్ అనే ఆయన చెక్కను తొలిచే ఒక పురుగు లార్వాను గమనించాడు. అది చెక్కను నిలువుగానూ అడ్డంగానూ ఒకే సులువుతో తినేస్తోంది. దాని రెండు దవడలు వంకర కొడవళ్ళలా కుడి ఎడమలకు పని చేస్తున్నాయి. ఆ ఆకారంలోనే కుడి పన్ను, ఎడమ పన్ను మార్చి మార్చి ఉండే చైన్ చేశాడు. ఆయన పెట్టిన కంపెనీయే ఇవాళ్టి ఒరెగాన్. చాలా బ్రాండ్ల కొత్త చైన్‌సాల మీద వచ్చే చైన్ వాళ్ళదే. స్టిల్ తన చైన్‌ను స్విట్జర్లాండ్‌లోని సొంత ఫ్యాక్టరీలో చేసుకుంటుంది, హస్క్‌వర్నా కూడా సొంత చైన్ మొదలుపెట్టింది.

చైన్‌కు మూడు కొలతలు ఉంటాయి. పిచ్ అంటే వరసగా ఉన్న మూడు రివెట్ల మధ్య దూరంలో సగం: 3/8 అంగుళం, .325, పెద్ద మెషిన్లకు .404. గేజ్ అంటే బార్ గాడిలో దిగే లింకు మందం: 1.1, 1.3, 1.5, 1.6 మిల్లీమీటర్లు. మూడోది అలా గాడిలో దిగే లింకులు మొత్తం ఎన్ని అన్నది. ఈ మూడూ కలిస్తే ఏ కంపెనీ చైన్ అయినా మీ బార్ మీద కూర్చుంటుంది. ఒక్కటి తేడా వచ్చినా పనికిరాదు. చిన్న మెషిన్ల 3/8 లో-ప్రొఫైల్ చైన్‌కూ పెద్ద మెషిన్ల మామూలు 3/8కూ పేరులో పోలిక ఉన్నా చైన్‌ను తిప్పే పళ్ళ చక్రాలు (స్ప్రాకెట్లు) వేరు, కలపకూడదు.

ఇక పదును. పదునున్న చైన్ నుంచి చెక్క పెచ్చులుగా రాలుతుంది. మొద్దుబారిన చైన్ నుంచి పిండిలాంటి పొట్టు వస్తుంది, బార్ వేడెక్కుతుంది, పొగ వస్తుంది, మనిషి మెషిన్‌ను కిందికి నొక్కడం మొదలుపెడతాడు. అప్పుడే "దీనికి బలం లేదు" అన్న మాట పుడుతుంది. ఎంత పేరున్న బ్రాండ్ అయినా మొద్దు చైన్‌తో, సాన పట్టిన చవక మెషిన్ ముందు నిలబడదు. నేను ఇది కళ్ళారా చాలాసార్లు చూశాను.

సాన పట్టడానికి గుండ్రటి ఆకురాయి చాలు. 3/8 లో-ప్రొఫైల్‌కు 4 మిల్లీమీటర్లది, .325కు 4.8ది. లోపలి నుంచి బయటికి ఒకే కోణంలో, ప్రతి పంటికీ అన్నే రుద్దులు. పంటి ముందు చిన్న మెట్టులాంటిది ఉంటుంది, దాన్ని డెప్త్ గేజ్ అంటారు. పన్ను ఎంత లోతు దిగాలో నిర్ణయించేది అదే. పంటి అంచు కంటే అది దాదాపు 0.65 మిల్లీమీటర్లు కిందికి ఉండాలి. సాన పడుతూ పోతే పన్ను తగ్గుతుంది, ఈ మెట్టు అలాగే ఉండిపోతుంది. ఎంత పదును పెట్టినా కోయడం లేదని విసుక్కునే వాళ్ళలో చాలామంది ఈ మెట్టును అరగదీయడం మరిచిపోయినవాళ్ళే. అలాగని మరీ ఎక్కువ అరగదీస్తే రంపం గుంజుతుంది, ఎగిరి వచ్చే ప్రమాదం పెరుగుతుంది.

పెట్రోల్ సంగతీ ఇంతే. చాలా కొత్త మెషిన్లకు 50:1 పాళ్ళు, అంటే లీటర్ పెట్రోల్‌కు 20 మిల్లీలీటర్ల టూ-స్ట్రోక్ ఆయిల్. కొన్నిటికి 40:1, అంటే 25 మిల్లీలీటర్లు. మాన్యువల్ ఏది చెబితే అది. ఇథనాల్ కలిసిన పెట్రోల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది, ట్యాంకులో నెలల తరబడి ఉంచితే కార్బొరేటర్ పాడవుతుంది. స్టార్ట్ కాని మెషిన్ మీద కోపం వచ్చే ముందు, ఆ పెట్రోల్ ఎప్పటిదో గుర్తు చేసుకోండి.

పార్టు ఎవరిస్తారు?

నా దగ్గర ఒక గ్రైండర్ ఉండేది. పేరున్న కంపెనీదే, చేతికి చక్కగా ఇమిడేది. రెండేళ్ళకు స్విచ్ పోయింది. స్విచ్ అంటే చిన్న వస్తువు. కానీ ఆ మోడల్ ఆగిపోయింది, ఆ స్విచ్ ఆకారం ఇంకే మోడల్‌కూ లేదు. మోటార్, గేర్లు, బేరింగులు బాగానే ఉన్నా మెషిన్ మొత్తం పనికిరాకుండా పోయింది. అప్పటి నుంచి నేను ఏది కొన్నా ముందు దాని పార్టుల పటం వెతుకుతాను. ప్రతి స్క్రూకూ ఒక నంబర్ వేసి బొమ్మ గీసి ఇచ్చే కంపెనీలు ఉన్నాయి. ఆ బొమ్మ బయటికి దొరకడమే కంపెనీ మీద నాకు మొదటి నమ్మకం.

షాపులో అడగవలసిన ప్రశ్న ఇలా ఉండాలి: "దీని స్టార్టర్ స్ప్రింగ్, ఆయిల్ పంపు, కార్బొరేటర్ ఇప్పుడు మీ దగ్గర ఉన్నాయా? లేకపోతే ఎన్ని రోజుల్లో వస్తాయి?" కరెంటు మెషిన్ అయితే కార్బన్ బ్రష్‌లు, ఆర్మేచర్, స్విచ్. జవాబు చెప్పేటప్పుడు ఆయన తడబడితే, వారంటీ కాగితంలో ఎన్నేళ్ళు రాసి ఉన్నా లాభం లేదు. స్టిల్ తన మెషిన్లను సర్వీసు చేయగల డీలర్ల ద్వారానే అమ్మాలన్న పద్ధతి పెట్టుకున్నది ఇందుకే. మీకు దగ్గర్లో మంచి హస్క్‌వర్నా మెకానిక్ ఉండి, స్టిల్ డీలర్ ఎక్కడో దూరంగా ఉంటే హస్క్‌వర్నా తీసుకోండి. అటుది ఇటైతే స్టిల్ తీసుకోండి. ఒకే తరగతిలో ఈ రెండింటి మధ్య తేడా, ఆ దూరం ముందు చాలా చిన్నది. జపాన్ నుంచి వచ్చే ఎకోకూ ఇదే లెక్క.

కొత్త మెషిన్లలో కార్బొరేటర్‌ను కంప్యూటరే సర్దుకుంటుంది. స్టిల్‌లో దాన్ని ఎం-ట్రానిక్ అంటారు, హస్క్‌వర్నాలో ఆటోట్యూన్. ఎండ, చలి, ఎత్తు మారినా మెషిన్ తనంతట తానే సరిపెట్టుకుంటుంది, చాలా హాయి. కానీ చెడితే స్క్రూడ్రైవర్ చాలదు, కంపెనీ పరికరం తగిలించి చూడాలి. డీలర్ దూరమైతే మామూలు కార్బొరేటర్ ఉన్న మోడలే మేలని నా అభిప్రాయం.

బ్యాటరీ: మెషిన్ కంటే పెద్ద నిర్ణయం

డ్రిల్, గ్రైండర్, సర్క్యులర్ సా లాంటి వాటిలో బ్రాండ్ అన్న మాటకు నిజమైన బరువు ఇక్కడే వస్తుంది. డిస్కులు, బిట్లు అందరికీ ఒకటే. గోడలు తొలిచే హ్యామర్ డ్రిల్‌కు వాడే ఎస్‌డీఎస్ ప్లస్ బిట్ కాడ 10 మిల్లీమీటర్లు, ఆ రకం ఏ కంపెనీ హ్యామర్‌లోనైనా కూర్చుంటుంది. బ్యాటరీ అలా కాదు. మకిటా బ్యాటరీ డివాల్ట్‌లో ఎక్కదు. మకిటాలోనే 40 వోల్టుల ఎక్స్‌జీటీ బ్యాటరీ 18 వోల్టుల ఎల్‌ఎక్స్‌టీ మెషిన్‌కు ఎక్కదు. మొదటి డ్రిల్ కొన్న రోజునే తర్వాత కొనబోయే అయిదారు మెషిన్ల బ్రాండ్ కూడా నిర్ణయమైపోతుంది.

కాబట్టి డ్రిల్ ధర చూసి కొనకండి. రాబోయే ఏళ్ళలో మీకు ఏమేం కావాలో రాసుకొని, ఆ వరసలో అవన్నీ ఉన్నాయా లేదా చూడండి. ఎల్‌ఎక్స్‌టీ వరస 2005 నుంచి నడుస్తోంది, అంతకాలం ఒక బ్యాటరీ ఆకారాన్ని నిలబెట్టడం చిన్న విషయం కాదు. 2016లో వచ్చిన డివాల్ట్ ఫ్లెక్స్‌వోల్ట్ బ్యాటరీ పెద్ద మెషిన్లలో ఎక్కువ వోల్టేజి ఇస్తూనే అదే కంపెనీ పాత మెషిన్లకూ సరిపోతుంది. 2018లో జర్మనీ కంపెనీ మెటాబో మొదలుపెట్టిన సీఏఎస్ కూటమిలో ఒకే బ్యాటరీ ఎన్నో కంపెనీల మెషిన్లలో పని చేస్తుంది. ఇలాంటి కూటములు పెరగాలని నా కోరిక. పాడైన బ్యాటరీ వల్ల మంచి మెషిన్ చెత్తలో పడటం చూస్తే మనసుకు కష్టంగా ఉంటుంది.

వోల్టుల అంకెలతో కొంత గందరగోళం ఉంది. 18 వోల్టులు, 20 వోల్ట్ మ్యాక్స్ రెండూ ఒకటే. లోపల అయిదు లిథియం సెల్స్ వరసగా ఉంటాయి. ఒక్కోటి 3.6 వోల్టులని లెక్కిస్తే 18, నిండా ఛార్జి అయినప్పటి లెక్క చెబితే 20. డివాల్ట్ అమెరికాలో 20 అని రాసేదాన్నే ఐరోపాలో 18 అని రాస్తుంది. పోల్చాలంటే వోల్టులను ఆంపియర్-అవర్లతో గుణించి వాట్-అవర్లు చూడండి. 18 వోల్టుల 5 ఆంపియర్-అవర్ బ్యాటరీ అంటే 90 వాట్-అవర్లు. దాని మీద 1,500 వాట్లు లాగే పని పెడితే నాలుగు నిమిషాలు కూడా రాదు. బ్యాటరీ చైన్‌సా కొమ్మలకు చాలా బాగుంటుంది: పొగ లేదు, తాడు లాగే పని లేదు, మీట వదిలితే నిశ్శబ్దం. రోజంతా దుంగలు కోయాలంటే మాత్రం పక్కన బ్యాటరీల గుట్ట పెట్టుకోవాలి, లేదా పెట్రోల్ మెషినే.

కరెంటుతో నడిచేవాటి మీద రాసే వాట్లు మెషిన్ లాగే కరెంటు లెక్క. అంత శక్తీ డిస్కుకు చేరదు, చాలా భాగం వేడిగా పోతుంది. పేరులేని మెషిన్ మీద వాట్లు ఎక్కువ ఉండి బరువు తక్కువ ఉంటే అనుమానించండి. మోటార్‌లో రాగి, ఇనుము తగ్గించకుండా బరువు అంత తగ్గదు.

గ్రైండర్ విషయంలో ఒక మాట ఏ బ్రాండ్‌కైనా వర్తిస్తుంది. డిస్కు మీద అది తట్టుకోగల వేగం రాసి ఉంటుంది. సెకనుకు 80 మీటర్ల అంచు వేగానికి చేసిన 125 మిల్లీమీటర్ల డిస్కుకు అది నిమిషానికి దాదాపు 12,200 చుట్లు, అదే 230 మిల్లీమీటర్ల డిస్కుకు 6,600 మాత్రమే. గార్డు తీసేసి చిన్న గ్రైండర్‌కు పెద్ద డిస్కు బిగిస్తే ఆ డిస్కు తట్టుకోగలిగిన వేగానికి దాదాపు రెట్టింపు తిరుగుతుంది. అది పగిలితే ముక్కలు బుల్లెట్లలా వస్తాయి. దయచేసి అలా చేయకండి, చేసేవాళ్ళను చూస్తే ఆపండి.

పాత మెషిన్ అయితే

కొత్త చిన్న మెషిన్ ధరకే పాత వృత్తి మెషిన్ దొరుకుతుంటే, నేను పాతదాని వైపే మొగ్గుతాను, ఒక్క షరతు మీద. అమ్మేవాళ్ళను అడిగి సైలెన్సర్ విప్పించండి, రెండు మూడు స్క్రూలే ఉంటాయి. ఆ రంధ్రంలోంచి టార్చి వేసి తాడును మెల్లగా లాగుతూ పిస్టన్ పక్కభాగం చూడండి. నున్నగా, తయారీ గీతలు ఇంకా కనిపిస్తూ ఉంటే ఇంజన్ ఆరోగ్యంగా ఉన్నట్టు. నిలువుగా గాట్లు పడి ఉంటే ఆయిల్ కలపని పెట్రోల్‌తోనో, గాలి ఎక్కువై ఎండిపోయిన మిశ్రమంతోనో నడిపారన్నమాట. క్రాంక్‌కేస్ మీద కొట్టిన సీరియల్ నంబర్ కూడా చూడండి. దాన్ని గీకేసి ఉంటే దొంగ సొత్తు కావచ్చు, అసలు నంబరే లేకపోతే నకిలీ కావచ్చు. సైలెన్సర్ విప్పడానికి ఒప్పుకోని మనిషి దగ్గర, ఏ బ్రాండ్ అయినా సరే, తీసుకోకండి.